కొక్కేల కవరు

కారు తలుపు తీసి సీటు మీద అరచెయ్యి ఆనించి ఒక్కసారి నొక్కితే చాలు, ఆ కారులో ఎవరెక్కడ కూర్చుంటారో ఘనీ చెప్పేస్తాడు. అందులో మంత్రమూ లేదు, మాయా లేదు. బరువు మనిషి కూర్చునే చోట స్ప్రింగు కుంగుతుంది. బీడీలు తాగేవాడి పక్కన నల్లటి కాలిన మచ్చలుంటాయి. పిల్లలు ఎక్కి తొక్కే చోట కుట్లు నోళ్లు తెరుస్తాయి. కామారెడ్డిలో సిరిసిల్ల రోడ్డు పక్కన రేకుల షెడ్డులో తండ్రి దబ్బనం తన చేతికి వచ్చిన నాటి నుంచీ ఘనీ చూస్తున్నవి మనుషుల ముఖాలకన్నా వాళ్లు కూర్చుని లేచిన గుంటలే ఎక్కువ.

మాణిక్‌రెడ్డి పటేలు అంబాసిడర్ షాపు ముందు ఆగిన పొద్దున వాన పడి వెలిసింది. పటేలుది ఎల్లారెడ్డి వైపు చింతలగడ్డ అనే ఊరు. ఆ కారు హైదరాబాదులో ఎవరో పాత నవాబు ఇంట్లోంచి కొనుక్కొచ్చినది. పైకి ఇంకా నిగనిగలాడుతోంది గానీ లోపల సీట్ల తోలు చలికాలపు మడమల్లా పగిలి, పగుళ్లలోంచి కొబ్బరి పీచు బయటికి పొడుచుకొస్తోంది.

"గీ తోలంత పీకి పారెయ్ ఘనీ," అన్నాడు పటేలు కారు దిగి ధోవతి సర్దుకుంటూ. "కూసుంటె ముండ్ల మీద కూసున్నట్టున్నది."

ఘనీ వంగి తోలును బొటనవేలితో రుద్ది చూశాడు. దుమ్ము కింద ఇంకా ఎర్రటి మెరుపు ఉంది. అయ్యో అనిపించింది.

"అసలు తోలు పటేలా. అప్పుడప్పుడు ఇంత నూనె రాస్తె మనుమల కాలందాక వస్తుండె. తోలు పెద్దకోడలి లెక్క. మర్యాద చేస్తె ఇల్లు నిలబెడతది, పట్టించుకోకుంటె గిట్ల పగిలిపోతది."

"ఎవ్వడు చేస్తడయ్య దానికి మర్యాద! వేరే ఏమున్నయో చెప్పు."

"ఇగ రెండే. గుడ్డ, రెగ్జిన్. గుడ్డ మెత్తగుంటది, ఎండకు కాలది, చలికి జివ్వుమనది. గని దానికి ఎంగిలి, మైల ఏం లేదు, ఏది పడితె అది తాగుతది. చాయ్ పడ్డా తాగుతది, చెమట పట్టినా తాగుతది. రెగ్జిన్ మొండిది. ఎండకాలం వీపుకు అతుక్కుంటది, ఎండకు ఎండీ ఎండీ పెటిల్లుమంటది. కాకపోతె తడిగుడ్డ పెట్టి ఒక్కసారి తుడిస్తె అద్దం."

పటేలు కాసేపు మీసం దువ్వుకున్నాడు. "ముందట, ఎన్క అంత గుడ్డనే పెట్టు. మంచి మఖ్మల్ పెట్టు. ఎన్క సీటుకు మాత్రం మీదికెళ్లి ఒక రెగ్జిన్ కవరు కుట్టు. కొక్కేలు పెట్టాలె. ఎయ్యాలంటె ఎయ్యొచ్చేటట్టు, తియ్యాలంటె తియ్యొచ్చేటట్టు."

"పిల్లలు పాడు చేస్తరనా పటేలా?"

"పిల్లలకు కాదు." పటేలు రోడ్డు వైపు చూశాడు. "నాకేం లేదయ్య, మా అమ్మకే జర పట్టింపు." అంతకన్నా చెప్పకుండా మార్కెట్ యార్డు వైపు నడిచాడు.

డ్రైవర్ లస్మయ్య మిగిలాడు. మనిషి మంచివాడే గానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తెప్పించగానే ఘనీ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"కొక్కేలు ఎందుకో సమజైందా ఘనీ భాయ్? మా ఊరికి రిజర్వేషన్ పడ్డది గదా. మాదిగోళ్ల ఆడమనిషే సర్పంచు కావాలె. పటేలు ఏం జేసిండు, తన పొలంల కైకిలి చేసే హన్మవ్వను నిలబెట్టి గెలిపిచ్చిండు. ఏలుముద్ర ఆమెది, రాత పటేలుది. మొన్న ఎల్లారెడ్డిల మీటింగ్ పెడితె పటేలు కార్ల పోయిండు, ఆమె బస్సుల పోయింది. బస్సు లేటు. కొత్తగొచ్చిన ఆఫీసరు ఉన్నడు, జర కడక్ మనిషి. 'సర్పంచు బస్సుల, మీరు కార్లనా?' అని నలుగుట్ల అడిగిండు. పటేలు ముఖం మాడిపోయింది."

"అయితె?"

"అయితె ఏంది? ఇగ కార్లనే తోల్కపోవాలె, నలుగురు చూడంగ దించాలె. గని ఆమె కూసున్న సీటు మీద పటేలు తల్లి అనసూయమ్మ కూసుంటదా? చస్తె కూసోదు. అందుకే కవరు. ఆమె ఎక్కంగనె ఏసుడు, దిగంగనె తీసుడు, కడిగి ఎండేసుడు. గదీ కథ."

ఘనీ చేతిలో గిలాస నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. కారులోని పాత తోలు వైపు చూశాడు. ఆ తోలు ఏ పశువుదో, ఏ ఊరి మాదిగాయన దాన్ని సున్నంలో నానేసి, గీకి, పదును చేశాడో! ఆ తోలు మీద దర్జాగా కూర్చుంటారు. దాన్ని పదును చేసిన చేతుల మనిషి కూర్చుంటే మాత్రం సీటు మైలపడుతుంది. థూ, ఏం న్యాయమిది?

ఆ రోజంతా తోలు ఊడదీయడంతోనే సరిపోయింది. పట్కారుతో ఒక్కొక్క మొల పీకుతుంటే పాత పీచు దుమ్ము ముక్కులోకెక్కి తుమ్ములు. కింద స్ప్రింగులు చూశాడు. ముందు సీట్లో పటేలు కూర్చునే పక్క కుంగి ఉంది. వెనక సీటు ఒక కొసన మాత్రం చిన్న గుంట, బక్కపలచని మనిషిది. అనసూయమ్మ కావచ్చు. మిగతా సీటంతా కొత్తదానిలా బిగుతుగా ఉంది. అంత జాగా ఖాళీగా పెట్టుకుని, ఇంకో మనిషి కూర్చుంటే కడుక్కుంటారట!

ఇంట్లో కవర్లు కుట్టేది భార్య హమీదున్నీసా. ఘనీ కొలతలు వేసి కత్తిరించి తెస్తే, ఆమె మిషను మీద అతికి, అంచులకు పైపింగు తిప్పి ఇస్తుంది. ఆ రాకపోకల్లోనే వాళ్ల కాపురంలో సగం మాటలు నడుస్తాయి. ఆ సాయంత్రం ఘనీ మఖ్మల్ ముక్కలు ఆమె ముందు పడేసి, రెగ్జిన్ చుట్టను విప్పకుండా గోడకు ఆనించి కూర్చున్నాడు.

"కొక్కేల కవరు కొలతలేవి?" అంది ఆమె.

ఘనీ సంగతంతా చెప్పాడు. చెప్పే కొద్దీ గొంతు పెద్దదైంది. హమీదున్నీసా మిషను చక్రం మీద చెయ్యి పెట్టి విన్నది.

"నువ్వు సీటు చేసేటోనివి. దాని మీద ఎవరు కూసుంటరో అల్లా చూసుకుంటడు," అంది చివరికి.

"అల్లా చూసుకోకనే గదా, కొక్కేలు నన్ను పెట్టుమంటున్నరు!"

"వద్దని చెప్పు మరి. పని వాపస్ ఇయ్యి."

"వాపస్ ఇస్తె నిజామాబాద్ల ఇంకోడు పెడతడు. ఆమెకేమన్న ఒరుగుతదా?" ఘనీ లేచి అటూ ఇటూ తిరిగాడు. "సీటు అన్నంక మనిషి కూసునేటందుకు చేస్తరు బిల్కిస్ అమ్మా. మనిషి లేవంగనె ఇప్పి కడిగేటందుకు చేస్తరా? మా నాయిన గిట్ల ఎన్నడన్న చేసిండా?"

కూతురు పేరుతో పిలిచాడంటే మనసు గట్టిగా కదిలిందని ఆమెకు తెలుసు. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టి అంది: "ఏదో చేస్తవు నువ్వు. నీ ముఖంల కనబడ్తున్నది. పెద్దోళ్లతోని పెట్టుకుంటున్నవ్, చూసి చెయ్యి."

చూసే చేశాడు. రెండు రోజులు కూర్చుని ఆ వెనక సీటును పెళ్లిపీటలా తయారుచేశాడు. స్ప్రింగులన్నీ విప్పి మళ్లీ పురికొసతో ముడివేశాడు. వాటి మీద గోనె పరిచి, పీచు దులిపి వత్తుగా పేర్చి, దాని మీద సన్నటి ఫోము వేశాడు. దానికి మఖ్మల్ వాడలేదు. ఇంట్లో గోడకు ఆనించిన గోధుమరంగు రెగ్జిన్ చుట్ట తెచ్చి విప్పి, దాన్నే సీటుకు తొడిగాడు. మోకాలితో అదిమిపట్టి, నాలుగు వైపుల నుంచీ చేతుల నరాలు ఉబ్బేలా లాగి, అంచుల్ని అడుగు చట్రానికి ఇనుప తీగతో బిగించేశాడు. మళ్లీ విప్పాలంటే పట్కారు పట్టుకుని ఒక్కొక్క ముడీ కత్తిరించాల్సిందే. వీపు ఆనించే పలకకూ అంతే. కొక్కెమనేది మచ్చుకైనా లేదు. అనసూయమ్మ కూర్చున్నా అదే, హన్మవ్వ కూర్చున్నా అదే. ఇక తీసుడూ లేదు, ఏసుడూ లేదు.

పటేలు వచ్చి వెనక తలుపు తీశాడు. అంచుల వెంట వేళ్లు పోనిచ్చి తడిమాడు.

"కొక్కేలేవిర?"

'అయ్య' పోయి 'ర' వచ్చింది. ఘనీ ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా నేర్చి పెట్టుకున్న మాట గనక తడబడకుండా చెప్పేశాడు.

"మఖ్మల్ మీద రెగ్జిన్ నిలవది పటేలా. నూనె మీద నూనె పోసినట్టు జారుతది. లస్మయ్య బ్రేకు కొట్టిండనుకో, కూసున్న మనిషి కవరుతోని సహా కిందికి పోతది. ఆఫీసు ముంగట గట్లయితె నలుగురు నవ్వరా? నిన్నే అంటరు. అందుకే ఎన్క మొత్తం రెగ్జినే ఎక్కిచ్చిన. తీసే పనే లేదు. తడిగుడ్డ పెట్టి తుడిస్తె ఏదైనా పోతది."

"ఏదైనా?" అన్నాడు పటేలు.

"ఏదైనా పటేలా."

ఆ మాట అంటున్నప్పుడు ఘనీకి తన నోటి మీద తనకే అసహ్యం పుట్టింది. కానీ పటేలు ఊఁ అన్నాడు, సీటు మీద రెండుసార్లు చరిచి చూశాడు, బాగానే ఉందన్నట్టు తలాడించాడు. ఘనీ ఊపిరి వదిలాడు. అబద్ధమాడినా పర్వాలేదు, పని అయింది.

"ఎల్లారెడ్డిల మా బామ్మర్ది జీపు సీట్లు గుడ ఉన్నయి. రా, పొయ్యి కొలతలు తీసుకుందువు," అన్నాడు పటేలు ముందు సీట్లో కూర్చుంటూ. "ఇయ్యాల మీటింగ్ ఉన్నది, ఎట్లైన పోతున్నం."

ఘనీ వెనక ఎక్కాడు. తాను చేసిన సీటు మీద తాను కూర్చుని అంత దూరం వెళ్లడం అతనికి అరుదు. లింగంపేట దాటాక కారు మట్టిరోడ్డులోకి దిగి చింతలగడ్డలో పటేలు ఇంటి ముందు ఆగింది. పటేలు లోపలికి వెళ్లాడు. పనిమనిషి చాయ్ తెచ్చింది. లస్మయ్యకు లోపలి నుంచి తెచ్చిన స్టీలు గిలాసలో, ఘనీకి పశువుల కొట్టం చూరులో బోర్లించిన గాజు గిలాస తీసి, కడిగి అందులో. ఘనీ తాగి, నీళ్ల గోళెం దగ్గర గిలాస కడిగి, చూరులో ఉన్నచోటే బోర్లించాడు. ఎన్నేళ్లుగానో ఊళ్లలో అలాగే చేస్తున్నాడు. ఇవాళ మాత్రం బోర్లించాక వెనక్కి తిరిగి దాని వైపు ఒకసారి చూశాడు.

హన్మవ్వ గేటు బయట నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, ఎండకు నల్లబడిన ముఖం, ఉతికిన ముదురు ఆకుపచ్చ చీర. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. లస్మయ్య తలుపు తీస్తే కారు కేసి, ఇంటి కేసి, మళ్లీ కారు కేసి చూసింది.

"ఎక్కు హన్మవ్వా, సర్పంచువి నువ్వు. నువ్వు ఎక్కకుంటె మేం పోకూడదు," అని లస్మయ్య నవ్వాడు.

ఆమె ఎక్కి, సీటు కొసన పిట్టలా కూర్చుంది. తొడలు సగం గాలిలోనే ఉన్నాయి. అరచేత్తో రెగ్జిన్‌ను నిమిరి, చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది.

"కొత్త సీటు గద," అంది తనలో తాను అనుకున్నట్టు.

"నేనే చేసిన అవ్వా," అన్నాడు ఘనీ. ఆపుకోలేకపోయాడు. "మంచిగ ఎన్కకు జరిగి కూసో. వీపు ఆనిచ్చు. రోడ్డు గుంతలున్నయి, నడుము పోతది."

"వద్దు బిడ్డా."

"ఏం గాదు. ఒరుగు."

ఆమె కొద్దికొద్దిగా వెనక్కి జరిగింది. వీపు ఆనింది. స్ప్రింగులు చిన్నగా మూలిగి ఆమె బరువును పట్టుకున్నాయి. "అబ్బ, ఊయల లెక్కున్నదే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడే ఇంటి కిటికీలో తెల్లటి తల ఒకటి కనిపించింది. అనసూయమ్మ. చూసి, తలుపు రెక్క వేసుకుంది.

దారంతా హన్మవ్వ అడుగుతూనే ఉంది. ఏ చెట్టు పీచు, ఏ ఊరి స్ప్రింగులు, ఇంత గట్టిగా లాగితే చేతులు నొయ్యవా? ఆమె కన్నంతా ఒక పని మీదే ఉంది. వాళ్ల వాడకు బోరు లేదు, వాగు దాకా నడిచి నీళ్లు తెచ్చుకుంటారు. ఇవాళ మీటింగులో ఆ మాట అడగాలని పొద్దుటి నుంచీ లోపల వల్లె వేసుకుంటోందట. "మర్చిపోతనేమోనని బుగులు," అంది. ముందు సీట్లో పటేలు వెనక్కి తిరగలేదు.

ఎల్లారెడ్డి ఆఫీసు ముందు కారు ఆగగానే పటేలే దిగి గట్టిగా, "రావమ్మా సర్పంచు," అన్నాడు. వరండాలోని జనమంతా తిరిగి చూశారు. హన్మవ్వ చెప్పులు వేసుకుని దిగింది, కొంగు సర్దుకుని మెట్లెక్కింది. ఘనీకి ఛాతీ ఉప్పొంగింది. జీపు కొలతలు తీసుకుని బస్సెక్కినా, ఇల్లు చేరినా ఆ పొంగు తగ్గలేదు.

"కూసుంది. వీపు ఆనిచ్చి కూసుంది," అన్నాడు హమీదున్నీసాతో, గుమ్మంలో చెప్పులు విప్పక ముందే.

ఆమె దారం పళ్లతో తెంపి, "మంచిది," అంది.

వాన పట్టు వదలడం లేదు. ఆ నెలాఖరున ఒక రోజు మళ్లీ అంబాసిడర్ వచ్చి ఆగింది. పటేలు లేడు, కామారెడ్డిలోనే ఏదో ఆఫీసులో దిగాడట. లస్మయ్య దిగి డిక్కీ తెరవగానే గుప్పుమని ఒక వాసన. కుళ్లిన గడ్డి వాసన, నిలవ నీళ్ల వాసన. లోపల ఘనీ చేసిన వెనక సీటు నిలువుగా కుక్కి ఉంది. రెగ్జిన్ అంచుల్లోంచి గోధుమరంగు నీళ్లు కారుతున్నాయి.

"ఏమైంది దీనికి? చెరువుల పడ్డదా?" ఘనీ ఉలిక్కిపడ్డాడు.

"చెరువు కాదు, వాగు," అంది కారులోంచి ఒక గొంతు. హన్మవ్వ. ఏలుముద్ర పనుంటుందని పటేలు ఆమెనూ వెంట తెచ్చాడట. సీటు లేని వెనక భాగంలో, ఇనుప రేకు మీద గోనెసంచి పరుచుకుని కూర్చుంది. మెల్లగా దిగింది. మెడ ఒక పక్కకు వంచి పెట్టుకుంది, తిప్పలేకపోతోంది.

ఘనీ స్టూలు దులిపి జరిపాడు. ఆమె వద్దంది. అతను వినలేదు. కూర్చుంది.

లస్మయ్య ముఖం అటు తిప్పుకుని చెప్పాడు. తడిగుడ్డతో తుడిస్తే చాలదంది అనసూయమ్మ. తుడిస్తే మరక పోతది గాని మైల పోతదా అంది. కవరైతే విప్పి కడగొచ్చు, ఇది విప్పరాదు గదా! మొత్తం సీటే పీకి కడగాలంది. ఎవరు కడగాలె? కూసున్నోళ్లే కడగాలె. సర్పంచమ్మను దించినంక, పటేలు భోజనానికి పోయినంక, సీటు ఊడదీసి ఆమె నెత్తిన పెడతరు. వాగు దాక మొయ్యాలె, కడగాలె, మళ్ల మోసుకొచ్చి ఎండకు పెట్టాలె. ఎండ ఏది? ఈ వానలకు పీచు ఆరక కుళ్లిపోయింది. ఇప్పుడు వాసనొస్తున్నదని పటేలు కోపం.

"గా ఒరిగే పలక గుడ," అంది హన్మవ్వ. "నువ్వు ఒరుగుమంటివి, నేను ఒరిగితి. ముసలమ్మ కిటికీలకెళ్లి చూసింది. గా దినం రెండు మోతలు." చెప్పి నవ్వింది. ఏడిచినా బాగుండేది.

ఘనీ కింద కూర్చుని సీటును తాకాడు. ఎత్తబోయాడు. నీళ్లు తాగిన పీచు, స్ప్రింగులు, చట్రం, అన్నీ కలిసి అతని చేతుల్నే లాగేశాయి. ఇంత బరువును ఈ మనిషి నెత్తిన పెట్టుకుని వాగు దాకా నడిచింది! ఎందుకు నడిచింది? ఘనీ గొప్పగా తీగతో బిగించాడు గనక. మేలు చేయబోయి మెడ విరిచాడు.

"అవ్వా, నేను..." అన్నాడు. "నేను మంచికనే..."

"ఎరుకనే బిడ్డా. లస్మయ్య చెప్పిండు. కొక్కేలు పెట్టుమంటె నువ్వే వద్దన్నవంట. నా కోసమే చేసినవు." ఆమె మెడ నిమురుకుంది. "గని నీ మంచితనం నేను మొయ్యలేకపోతున్న సాయిబూ."

లస్మయ్య బీడీ నెపంతో రోడ్డు మీదికి వెళ్లిపోయాడు.

"నేను కడగనని చెప్పరాదా?" ఘనీ గొంతు కీచుగా వచ్చింది. "సర్పంచువి గదా నువ్వు! ఆఫీసరుకు చెప్పు. నేను వస్త, సాక్ష్యం చెప్త."

"చెప్పొచ్చు. చెప్తె ఏమైతది? ఆఫీసరు ఇయ్యాల ఈడుంటడు, రేపు బదిలీ అయితది. పటేలు యాడికి పోతడు? నా కొడుకు ఆయన పొలంలనే ఉండాలె, నా కోడలు ఆ ఇంట్లనే ఊడ్వాలె. మొన్న మీటింగ్ల నేనే నోరు తెరిచి అడిగిన, మా వాడకు బోరు రాసుకున్నరు. పటేలు అడ్డం చెప్పలె. ఇంకో రెండు మీటింగులు పోతె బండి వస్తదంట, బోరు పడతదంట. గందాక నేను ఆ కార్ల పోవాలె. కార్ల పోవాలంటె కడగాలె." ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. "కొక్కేలు పెట్టు బిడ్డా. కవరొక్కటైతె సంకల పెట్టుకొని పోత."

ఘనీ పట్కారు తీశాడు. తాను నరాలు ఉబ్బేలా బిగించిన తీగను తానే ఒక్కొక్క ముడిగా కత్తిరించాడు. కుళ్లిన పీచును చేతులతో తోడి బయట పోశాడు. కొత్త గోనె, కొత్త పీచు. ఈసారి దాని మీద మఖ్మల్, పటేలు మొదట అడిగినట్టే. హన్మవ్వ స్టూలు మీంచి చూస్తూనే ఉంది. కవరు గుడ్డ ఎంచే వేళకు లేచి వచ్చింది. ఘనీ గోడకు ఆనించిన చుట్టలన్నీ ఆమె ముందు పరిచాడు. ఇంతకాలం అతను ఎవరికి చెప్పినా కూర్చునేవాళ్లకే చెప్పాడు. కడిగే మనిషి వచ్చి ఎంచుకోవడం ఇదే మొదలు.

"గుడ్డ వద్దు. నీళ్లు తాగి నా అంత బరువైతది, వానకాలం ఆరది," అంది ఆమె, ఒక్కొక్కటీ పిండి చూస్తూ. "తోలు మాట ఎత్తకు. మా మామ గోళెంల నానేసి పదును చేసేటోడు, తడిస్తె దాని వాసన నాకెరుక. గీ రెగ్జినే మంచిగుంది. గని గింత మందం ఎందుకు? మడత పడది. పల్సటిది లేదా?"

ఉంది. సైకిల్ సీట్లకు వాడే పలచటి నల్ల రెగ్జిన్. కారుకు దాన్ని ఎవరూ వెయ్యరు, తొందరగా చిరుగుతుంది. ఘనీ ఆ మాట చెప్పబోయి ఆగాడు. దాన్నే కొలిచి కత్తిరించి, హమీదున్నీసాకు పంపకుండా తానే షాపు మిషను మీద కుట్టాడు. అంచు మడిచి జంట కుట్టు వేశాడు, బండకేసి రుద్దినా విచ్చుకోకుండా. కొక్కేలు ఒక్కొక్కటే పెట్టాడు. వాటి మొనలు ఆకురాయితో అరగదీశాడు, కడిగేటప్పుడు ఆమె వేళ్లకు గుచ్చుకోకుండా. అంతకన్నా ఏం చెయ్యగలడు?

సీటు కారులో పెట్టి కవరు తొడిగాడు.

"ఎట్ల తియ్యాలె?" అంది హన్మవ్వ.

"ఇగో, గిట్ల లోపలికి నొక్కి, కిందికి లాగాలె. ముందుగాల కొసలది తియ్యి, నడుమది చివరికి."

ఆమెకు రాలేదు. పొలం పనికి బిరుసెక్కిన వేళ్లు కొక్కెం కింద దూరలేదు. ఘనీ ఆ వేళ్లను తన వేళ్లతో పట్టుకుని నొక్కించి చూపించాడు. మళ్లీ చేసింది. మళ్లీ తొడిగి, మళ్లీ తీసింది. బడికి కొత్తగా వెళ్లిన పిల్లలా నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, కొస నుంచి కొస దాకా అన్ని కొక్కేలూ తానే విప్పింది. కవరు మడత పెట్టి నెత్తిన పెట్టుకుని, వంగిన మెడతోనే రెండడుగులు వేసి చూసింది.

"ఓ యబ్బ! ఏం బరువే లేదు," అంది. ముఖమంతా వెలిగిపోయింది. "సల్లగుండు బిడ్డా. నీ కడుపు సల్లగుండ. నా మెడ నిలబెట్టినవు."

ఘనీ దారం వెతుక్కుంటున్నట్టు గోడ వైపు తిరిగాడు. దారం చేతిలోనే ఉంది. బయట లస్మయ్య హారన్ కొడుతున్నాడు, వెనక ఆమె కవరు మళ్లీ సీటుకు తొడుగుతోంది. అతను తిరిగి చూడలేక అలాగే నిలబడి ఏడ్చాడు.